గొడ్ల డాక్టరూ, మా అత్తగారి కుందేళ్ళూ

ఫిజీలో, మా లౌతోకాలో మధ్యాహ్నం పూట రేడియో పెడితే ముందు పాటలు, ఆ తరువాత చావు కబుర్లు. హిందీలో చదువుతారు. లోవు ఊరి నివాసి ఫలానా, ఫలానా వారి కొడుకు, ఫలానా ఆవిడ భర్త, ఆక్లండ్‌లో ఉన్న ఫలానా వారికి పెదనాన్న, సిడ్నీలో ఉన్న ఫలానా వారికి మామగారు. చుట్టాల పేర్లు చదివేసరికి పొయ్యి మీద పప్పు ఉడికిపోతుంది. పోయిన మనిషి ఎలాంటివాడో మాత్రం ఒక్క ముక్క చెప్పరు. మొన్న నేను పోపు వేస్తుంటే మా డాక్టరు పేరు వినిపించింది. చుట్టాలంతా అయ్యాక చివర "రిటైర్డ్ వెటర్నరీ ఆఫీసర్" అని ముగించి, వెంటనే ఫర్నిచరు కొట్టు ప్రకటన పెట్టేశారు. నాకు ఒళ్ళు మండింది. పోపు కూడా మాడింది.

ఆయన్ని మేమంతా గొడ్ల డాక్టరనే అనుకునేవాళ్ళం. ఎదురుగా డాక్టర్ సాబ్, చాటున గొడ్ల డాక్టరు. ఫిజియన్ల ఊళ్ళలో "వునివై" అని పిలిచేవారు, వైద్యుడని అర్థం. మనుషులకి మందిచ్చేవాడినీ వాళ్ళు ఆ మాటతోనే పిలుస్తారు కాబట్టి ఆయనకి ఆ పిలుపంటే లోలోపల మహా ఇష్టం. పొట్టి మనిషి, మెడ లావు, చేతులు మాత్రం ఒంటికి మించిన పొడుగు. ఆ చేతులు దేవుడు ఆవుల కోసమే ఇచ్చాడని మా ఆయన వేళాకోళం చేసేవాడు. ఇంటికొస్తే రబ్బరు బూట్లు మెట్ల కింద విడిచి, పెరట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేవాడు. ఎంతసేపు రుద్దుకునేవాడంటే, నేను పెట్టిన టీ చల్లారిపోయి మళ్ళీ వెచ్చబెట్టాల్సి వచ్చేది. ఆ టీ కూడా నిలబడే తాగేవాడు. కుర్చీ చూపిస్తే, అవతల ఎవరిదో ఆవు ఈనుతోంది మేడం అనేవాడు. ఆయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఎవరిదో ఒకరి ఆవు ఈనుతూనే ఉండేది.

నా సంగతి కూడా ఒక మాట చెప్పాలి. నేను బొబ్బిలి దగ్గర పుట్టినదాన్ని. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చి పడ్డాను. మా ఆయన తాతలు గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద, ఓడెక్కి వచ్చి, లోవులో చెరకు నాటుకుని స్థిరపడినవాళ్ళు. నేను లౌతోకా పక్కనే నటబువాలో బడిలో లెక్కలు చెప్పేదాన్ని, ఆదివారం పూట సంఘం హాల్లో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించేదాన్ని. పిల్లలు బుద్ధిగా అ ఆలు దిద్ది, గడప దాటగానే హిందీలోకి దూకేవారు. తప్పు పట్టను. ఇంట్లో ముసలివాళ్ళ నోట్లో, గుళ్ళో పూజారి నోట్లో తప్ప ఆ భాష వాళ్ళకి ఎక్కడ వినబడుతుంది?

ఒక్క గొడ్ల డాక్టరుకే చక్కని తెలుగు ఉండేది, అయితే మనుషులతో ఆ భాష మాట్లాడేవాడు కాదు, నాతోనూ హిందీయే. వాళ్ళ నాయనమ్మ ఆవులతో తెలుగులో మాట్లాడేదట. హిందీలో చెప్తే ఆవు పాలు చేపదని ఆవిడ గట్టి నమ్మకం. అది వింటూ పెరిగాడు. రైతుతో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, పశువుతో తెలుగు. ఒకసారి లోవులో మా అత్తగారి ఆవు అడ్డం తిరిగిన దూడతో అవస్థ పడుతుంటే, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, "ఓర్చుకో తల్లీ, అయిపోయింది, ఇంకొక్క నొప్పి, మా అమ్మవి కదూ" అంటూ బతిమాలడం విన్నాను. నా పురుళ్ళప్పుడు నాతో అంత మంచిగా మాట్లాడినవాడు లేడు. దూడ బయటపడ్డాక, ఆదివారం వచ్చి మా పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడండి అని అడిగాను. గొడ్ల తెలుగు మేడం, మనుషులకి పనికిరాదు అని సిగ్గుపడి బూట్లు తొడుక్కున్నాడు.

ఆయనకి పడని మాట ఒకటుంది. చూద్దాం అన్న మాట. ఏ రైతైనా రేపటిదాకా చూద్దాం సాబ్ అన్నాడా, వాడి పని అయిపోయినట్టే. ఆయన తమ్ముడు లోవులోనే చెరకు చేసుకునేవాడు. ఒక వరద తరువాత అతనికి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చాయి. చూపించుకోవడానికి పోతే ఎవరో డాక్టరు ఫ్లూ అని మాత్రలిచ్చి, నాలుగు రోజులు చూద్దాం అని పంపేశాడు. అది ఫ్లూ కాదు, ఎలుక జ్వరం. ఇక్కడ లెప్టో అంటారు. ఎలుకల మూత్రం, జబ్బు పశువుల మూత్రం నీళ్ళలో కలిసి, మనిషి చేతుల పగుళ్ళలోంచీ కాళ్ళ పగుళ్ళలోంచీ ఒంట్లోకి దూరుతుంది. తమ్ముడు బతకలేదు. చూద్దాం అన్న మాటే వాణ్ణి మింగేసిందని ఆయన ఎన్నిసార్లు అన్నాడో.

అప్పటి నుంచి ఆయన దేనికీ ఆగేవాడు కాదు. పశువుకి మూత్రం ఎర్రగా పడిందని తెలిస్తే వ్యాను వేసుకుని దిగిపోయేవాడు, అనుమానం గట్టిగా ఉంటే మందలోంచి తీసి చంపించేవాడు. రైతులు ఆ రోజు తిట్టుకునేవారు, వరదలు తీశాక దండం పెట్టేవారు. మా పడమటి వైపు ఆయన వల్ల ఎన్ని ఇళ్ళలో మనుషులు మిగిలారో ఆ రేడియో అమ్మాయికి ఏం తెలుసు.

ఇక మా అత్తగారు. లోవులో ఆవిడ పొలం లీజు గడువు తీరిపోయింది, భూమి హక్కుదార్లైన ఫిజియన్లు మళ్ళీ ఇవ్వలేదు. వాళ్ళ భూమి వాళ్ళది, వాళ్ళని అనేదేముంది. కానీ ఆవిడకి ఇక అక్కడ చోటు లేదు. ఆవుని అమ్మేసి, చాపా దుప్పటీ చుట్టుకుని నటబువాలో మా ఇంటికి వచ్చింది. పొద్దున్నే లేచి చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది, ఆవు లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. అన్నం సరిగ్గా తినేది కాదు. ఏమైనా అంటే చేతులు ఊరుకుంటే నోరు ఆడదు అనేది. మనిషి చూస్తుండగానే సగమైంది.

అవి మా చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే సామాను సర్దుకుని ఆస్ట్రేలియాకీ న్యూజిలాండ్‌కీ వెళ్ళిపోతున్న రోజులు. పక్కింటివాళ్ళు పోతూ పోతూ వాళ్ళ పిల్లల కుందేల్ని బోనుతో సహా తెచ్చి మా గడపలో పెట్టారు. నేను వద్దని చెప్పబోయాను. అప్పటికే అత్తగారు దాన్ని ఒళ్ళో వేసుకుంది. తెల్లటి కుందేలు, ఒక చెవి మాత్రం నల్లన. అమ్మేసిన ఆవు పేరే దీనికీ పెట్టింది, గౌరి అని. కుందేలుకి గౌరి ఏమిటండీ, పాలిస్తుందా అన్నాను. "పేరెట్టడానికి పాలు కావాలా ఏటి?" అంది. ఆ రోజు రాత్రి ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నది. ఇక రోజూ కొడవలి పట్టుకుని గట్టు ఎక్కి గడ్డి కోసుకొచ్చేది. నా ఇంట్లో గడ్డి తినేది ఒకటి ఉంది, అది చాలు అని అందరికీ చెప్పుకునేది. ఆ కుందేలే ఆవిణ్ణి బతికించిందని నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

తరువాతి వానాకాలంలో హరికేన్ వచ్చి ఊరు మునిగింది. మా ఇల్లు మెరక మీద ఉంది కాబట్టి నీళ్ళు పెరటి గేటు దాకా వచ్చి ఆగాయి. నీళ్ళు తీశాక కింద క్రీకు, వాగన్నమాట, చూడాలి, చచ్చిన పందులూ మేకలూ కొట్టుకొచ్చి ఒకటే కంపు. అందులో ఎవరూ కాలు పెట్టొద్దని ఆరోగ్య శాఖ వాళ్ళు వీధి వీధికీ చెప్పి వెళ్ళారు.

మా అత్తగారు రోజూ అమ్మవారి పటానికి ఎర్ర మందారాలు పెట్టేది. పూజ చేసిన పూలు ఎవరూ తొక్కకూడదు, చెత్తలో వెయ్యకూడదు, పారే నీళ్ళలో వదలాలి. ఎప్పుడూ వాటిని బుట్టలో వేసుకుని క్రీకులో వదిలి వచ్చేది. ఇప్పుడు ఆ కంపులో అమ్మవారి పూలు ఎలా వేస్తుంది? అందుకని గౌరికి పెట్టడం మొదలుపెట్టింది. గౌరి ఎంగిలి ముట్టదు, నీచు ముట్టదు, దాని కడుపులోకి పోతే దోషం లేదని ఆవిడ లెక్క. ఇదంతా నేను బడికి వెళ్ళాక జరిగేది. ఇంట్లో ఎవరికీ తెలియదు, దాచాలని కాదు, చెప్పేంత సంగతి అని ఆవిడకి తోచలేదు.

ఒక పొద్దున బోను కింద పరిచిన కాగితం మీద ఎర్రటి మరక కనిపించింది. అచ్చం నెత్తురే. దానికి తోడు గౌరి ముందు రోజు నుంచి మూల చేరి, ముడుచుకుని, గడ్డి వాసన కూడా చూడటం లేదు. అత్తగారు నన్ను కేకేసింది. నేను గొడ్ల డాక్టరుకి ఫోను చేశాను.

ఆయన వచ్చేసరికి మొహం చూడలేకపోయాను. గెడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి, వరద మొదలైన నాటి నుంచి నిద్రపోయినట్టు లేడు. "కొంచీ హోయ్ గే, కాకీ?" అన్నాడు, ఏమైంది పిన్నీ అని. లోవులో ఈయన చిన్నప్పుడు మా అత్తగారి వంటింట్లో పెరిగినవాడే, అందుకని కాకీ అనేవాడు. ఆవిడకి ఆయన బేటా. ఆవిడ తెలుగులో మాట్లాడినా ఆయన హిందీలోనే బదులిచ్చేవాడు. మరక చూశాడు. కుందేలు పొట్ట నొక్కి చూశాడు. పెరట్లో ఎలుకలు తిరుగుతున్నాయా అని అడిగాడు. వరద తరువాత ఎవరింట్లో తిరగలేదు? తిరుగుతున్నాయని చెప్పాం. మేత ఏం పెడుతున్నావని అడిగాడు.

"గడ్డే బేటా. పై గట్టు మీద గడ్డి. వరద తగిలిన గడ్డి ఒక్క పోచ ముట్టనియ్యలేదు" అంది అత్తగారు.

అప్పుడు ఆయన చూపు ఆవిడ చేతుల మీద పడింది. కొడవలి గాట్లు, వానలో నాని పగిలిన చర్మం. ఆ చేతులతోనే రోజూ బోనులో తడి గడ్డి తీస్తుంది, కాగితాలు మారుస్తుంది. ఆయన మొహంలో రంగు మారడం నాకు స్పష్టంగా తెలిసింది. నమూనా పరీక్షకి పంపాలంటే రాజధాని సువా వైపు పోవాలి, దారిలో వంతెన మునిగి ఉంది. దారి తెరిచేదాకా బోను దూరంగా పెట్టి చూస్తే సరిపోదా అని నేను అడిగాను.

"ఆమె చేతులు చూడండి మేడం," అన్నాడు. "మా తమ్ముడి కాళ్ళు ఇలాగే ఉండేవి."

కుందేల్ని సూది వేసి చంపెయ్యాలన్నాడు. అత్తగారు తప్పదా అని ఒక్కసారే అడిగింది. తప్పదన్నాడు. నీకు తెలుసు కదా బేటా, చెయ్యి అంది. ఒళ్ళో పెట్టుకుంటాను, అప్పుడు సూది వెయ్యమంది. ఒప్పుకోలేదు. ముట్టుకోవద్దని, వంటింటి గుమ్మం దాటొద్దని గట్టిగా చెప్పాడు, ఆవిడతో గొంతు పెంచి మాట్లాడడం నేను వినడం అదే. చేతులకి తొడుగులు వేసుకుని గౌరిని తనే పెరటి చివరికి తీసుకుపోయాడు. "అయిపోయింది తల్లీ, నొప్పి ఉండదు, మా అమ్మవి కదూ" అంటున్నాడు. గుమ్మంలో నిలబడిన అత్తగారికి ఆ మాటలు వినబడుతూనే ఉన్నాయి. తలమీది ఓఢ్నీ కొస నోట్లో కుక్కుకుని, గోడ పట్టుకుని నిలబడింది. అంత ప్రేమించిన జీవి పోతుంటే చెయ్యి వేసే వీల్లేకపోవడం కన్నా శిక్ష ఏముంటుంది? నాకు ఏడుపొచ్చింది, నేను కుందేళ్ళ మనిషిని కాకపోయినా.

బోను తగలబెట్టించాడు. గౌరిని సున్నం పోసి లోతుగా పాతిపెట్టాడు. అత్తగార్ని తన వ్యానులోనే ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం తీయించి, మాత్రలు ఇప్పించాడు. రక్తంలో ఏమీ లేదని కబురొచ్చింది. సమయానికి తీసేశాం కాకీ అని ఆయన గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. మా ఆయన డాక్టర్ని కౌగిలించుకున్నాడు. అత్తగారు కూడా నవ్వే ప్రయత్నం చేసింది. మళ్ళీ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళడం, ఉత్త చేతులతో వెనక్కి రావడం మొదలైంది.

ఆ తరువాత డాక్టర్ని కొంతకాలం వనువా లేవు దీవికి బదిలీ వేశారు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ డ్రెకేటిలో ఒక వరి రైతు దగ్గర బూడిదరంగు కుందేలు పిల్లని అడిగి తీసుకుని, దీవి దాటించి, బుట్టలో పెట్టి మా అత్తగారికి తెచ్చిచ్చాడు. కొత్త బోను కూడా తనే కొట్టాడు, మేకులన్నీ వంకరే. అత్తగారు చేతులు చాపి అందుకుంది కానీ దీనికి పేరు పెట్టలేదు. పేరెడితే పోతాది అంది. పేరు లేకుండానే అది ఇల్లంతా తిరిగేది, నా చీరల అంచులు కొరికేది, ఆవిడ వెనకాలే పూజ గది దాకా పోయేది. ఆవిడ మొహం మళ్ళీ తేటపడింది. క్రీకు కూడా శుభ్రపడింది గానీ ఆవిడ మోకాళ్ళు ఇప్పుడు ఆ దిగుడు దిగనివ్వడం లేదు. అమ్మవారి పూలు కుందేలుకే పోతున్నాయి.

ఒక శుక్రవారం డాక్టరు వచ్చాడు. కుళాయి దగ్గర శుద్ధి అయ్యాక టీ గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. నేను వేయించిన చేగోడీలు పెట్టాను. అత్తగారు పూజ ముగించి, పళ్ళెంలో మందారాలు తెచ్చింది. కుందేలు వెనక కాళ్ళ మీద లేచి ఆవిడ చేతిలోంచి ఒక్కొక్క పువ్వే లాక్కుని తింటోంది. దీని దర్జా చూడండి మేడం అని ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే బోనులోకి తొంగి చూశాడు. కింద కాగితం మీద ఎర్రగా ఉంది.

నవ్వు అలాగే ఆగిపోయింది. ఇది ఎప్పటి నుంచి అని అడిగాడు. పూలు తిన్న రోజున ఎర్రగానే పోస్తాది, తినని రోజున మామూలే, దీనికేటీ లేదు చూడు, ఎట్టా గెంతుతాదో అని ఆవిడ చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"గౌరికి కూడా పూలు పెట్టేదానివా కాకీ?"

"క్రీకు పాడైపోయింది కదా ఆ ఏడు. అందుకని పెట్టినాను."

"నేను అడిగాను. గడ్డే అన్నావు."

"నువ్వు మేత అడిగినావు బేటా," అంది అత్తగారు. "అమ్మవారి పూలు మేతేటి?"

అన్నాక ఆవిడకి అర్థమైంది. పళ్ళెం చేతిలో ఉండిపోయింది. నేను ఆయన మొహం వంక చూడలేక చేగోడీల వంక చూశాను. ఆయన మెల్లగా వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. ఉత్తి పుణ్యానికి చంపేశాను అని హిందీలో అన్నాడు, ఎవరితోనూ కాదు. ఆస్ట్రేలియాలో చదివే రోజుల్లో కుందేలంటే పంట నాశనం చేసే చీడ అని చెప్పేవారట. ఎలా చంపాలో నేర్పారు గానీ దానికి మందేమిటో, దాని మూత్రం ఏ రంగుల్లో ఉంటుందో ఎవరూ నేర్పలేదు కాకీ అన్నాడు. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని కష్టం మీద ఆయన పక్కన కూలబడి వీపు మీద చెయ్యి వేసింది.

"నీకు తెల్దు, నాకు తెల్దు. అది తిండి మానేసింది కదా. జబ్బే ఉండొచ్చు."

ఉండొచ్చు అన్నాడాయన. ఆ ఉండొచ్చే ఆయన్ని వదల్లేదు. తప్పు అని తేలితే మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. ఒప్పని తేలితే నిద్రపోతాడు. గౌరి నిజంగా లెప్టోతో ముడుచుకుందో, వరద హోరుకి బెదిరిందో, పూలు ఎక్కువై కడుపు ఉబ్బిందో, ఇక ఎవరు చెప్పగలరు? చూడటానికి ఏమీ మిగల్చకుండా సున్నం పోసి పాతింది తనే. నా మటుకు నాకు ఆ రోజు ఆయన చేసింది తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. ఆ చేతులు చూసి ఏ కొడుకైనా అదే చేసేవాడు. ఈ మాట ఆయనతో ఎన్నిసార్లు చెప్పానో. మీరు మంచివారు మేడం అని తల ఊపేవాడు, అంటే నా మాట చెవికెక్కలేదని అర్థం.

ఆ తరువాత మనిషి మారాడు. మొదట్లో ఆ మార్పు బాగానే ఉంది. ఎవరింటికి పోయినా తలా తోకా లేని ప్రశ్నలు అడిగేవాడు. ప్రసాదం పెట్టారా, పెళ్ళిలో మిగిలిన పులిహోర పెట్టారా, పిల్లలు దొంగతనంగా ఏమైనా తినిపించారా, గుమ్మానికి కట్టిన తోరణం నమిలిందా? రైతులు నవ్వుకునేవారు, అయినా ఓపిగ్గా చెప్పేవారు. ఒకటి రెండు పశువులు ఆ ప్రశ్నల వల్ల బతికాయి కూడా. రాను రాను ఆ ప్రశ్నలకి అంతు లేకుండా పోయింది. నమూనా సువాకి పంపేవాడు. జవాబు వచ్చాక మరోసారి పంపేవాడు. ఏ మాట వింటే ఒంటికాలి మీద లేచేవాడో ఆ మాటే ఆయన నోటికొచ్చింది, చూద్దాం అని. చూస్తూ ఉండగానే లోవులో ఒకరి ఎద్దు పోయింది. రైతులు ఆయన్ని తప్పించి కింద పనిచేసే కుర్ర ఆఫీసరుకి ఫోను చెయ్యడం మొదలుపెట్టారు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన ఏమీ అనుకోలేదు, నాకది మరీ బాధనిపించింది. గడువు ఇంకా ఉండగానే రిటైరయిపోయాడు. బంగారం లాంటి మనిషిని ఒక కుందేలు ఇలా చేసిందేమిటి భగవంతుడా అని నేను వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకునేదాన్ని.

పేరు లేని కుందేలు బాగా ముసలిదైంది. ఒక దవడ వాచింది. లోపల పంటి వేరు కుళ్ళి చీము పట్టిందని, ఈ వయసులో కోస్తే తట్టుకోదని డాక్టరే చెప్పాడు. రిటైరయినా రోజూ సాయంత్రం వచ్చి చుక్కల మందు వేసేవాడు. అత్తగారు అరటిపండు మెత్తగా చిదిమి వేలితో నోట్లో పెట్టేది. కొన్నాళ్ళకి అదీ మింగలేకపోయింది. నొప్పికి పళ్ళు కొరికేది. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంటే నాకు అన్నం సహించేది కాదు. ఆవిడ ఆయన్ని సూది వెయ్యమని అడిగింది. చీము పగిలి కారిపోతే తేరుకోవచ్చు కాకీ, రేపటిదాకా చూద్దాం అన్నాడు. మర్నాడు అడిగింది. కళ్ళు తేటగానే ఉన్నాయి, ఇంకొక్క పూట చూద్దాం అన్నాడు. అలా ఎన్ని పూటలు గడిచాయో. దానికి బతుకు లేదని మా అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే.

ఆ రోజు సాయంత్రం ఆయన చుక్కల సీసా మూత తీస్తుంటే అత్తగారు చేత్తో వద్దని అడ్డుకుంది. కుందేలు ఆవిడ ఒళ్ళో ఉంది. కోపంగా కూడా అనలేదు, అన్నం పెట్టమని అడిగినంత మామూలుగా అంది.

"గౌరిని నా గురించి బయపడి సంపినావు బేటా. నాను ఏటీ అనలేదు. దీన్ని నీ గురించి బయపడి సంపకుండా ఉంచినావు."

ఆయన సీసా మూత మళ్ళీ పెట్టాడు. లేచి బయటికి వెళ్ళాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కారు వెనక తలుపు ఎత్తి, పాత మందుల పెట్టె తెరిచి, అందులోకి చూస్తూ నిలబడిపోయాడు. సూదిలో మందు ఎక్కించాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. మళ్ళీ పెట్టెలో పెట్టాడు, మళ్ళీ తీశాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనిపించింది నాకు. చివరికి గేటు దాటి, మెట్లెక్కి, సూది పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి పళ్ళు కొరుకుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆయన వంగి దాని ఛాతీ మీద రెండు వేళ్ళు పెట్టి చూశాడు. వేళ్ళు అలాగే ఉంచి, "ఆలస్యం చేసినాను కాకీ" అన్నాడు. ఆయన తెలుగులో ఒక మనిషితో మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆవిడ ఏమైనా అంటుందని చూశాను. ఆయన కూడా వంగినవాడు వంగినట్టే ఉండి ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. ఏదో ఒకటి అనండి అత్తయ్యా అని నా నోటి చివరి దాకా వచ్చింది. ఆవిడ కుందేలు కళ్ళు మూసి, చెవులు వీపు మీదికి సర్ది, దవడ వాపు మీద అంటిన అరటిపండు గుజ్జు కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.